ఇటుక బట్టీల గుంటల (పిల్లల) సాయంత్రం బడి – ఈ సీజన్ జమా ఖర్చుల వివరం

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మొదటి వారం నించి మే నెలాఖరు దాకా నడిచిన సాయంత్రం బడి లెక్కలు ఇవి. చందా ఇచ్చిన ప్రతివాళ్ళకీ రశీదు అందింది, అయినా ఆ డబ్బు ఏటయిందో రశీదు చెప్పదు కదా, అందుకని మొత్తం ఇక్కడ పెడుతున్నాం, కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

మన శ్రీకాకుళం చుట్టుపక్కల ఇటుక బట్టీలకి సంక్రాంతి అయ్యాక ఒడిశా నించి, ఎక్కువగా గజపతి, రాయగడ జిల్లాల నించి, కుటుంబాలకి కుటుంబాలే వచ్చేస్తాయి. ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు, వెయ్యి ఇటుకలకి ఇంత అని లెక్క, కాబట్టి ఇంట్లో ఎంతమంది చేతులు పడితే అంత బేగి అప్పు తీరతాది. అమ్మానాన్నా మట్టి తొక్కి అచ్చులు పోస్తుంటే పెద్ద గుంటలు పచ్చి ఇటుకలు తిరగేస్తారు, చిన్న గుంటల్ని చంకనేసుకుంటారు. సొంతూర్లో బడికి పోతున్న పిల్లలే వీళ్ళంతా, సంవత్సరం మధ్యలో పుస్తకం అక్కడ వదిలేసి వచ్చేరు. కొందరిది ఒడియా భాష, కొందరిది సవర గిరిజనుల భాష, తెలుగు అయితే నీళ్ళు, అన్నం, రా, పో వరకే. ఈసారి రెండు బట్టీల నించి 38 మంది వచ్చేరు, అయిదేళ్ళవాళ్ళ నించి పదిహేనేళ్ళవాళ్ళ దాకా.

ముందు జమ. పోయినేడు మిగిలింది 4,312 రూపాయలు. ఇక్కడివాళ్ళ చందాలు, అంటే షాపులు, టీచర్లు, రిటైర్ అయిన పెద్దలు, ఆటో స్టాండు వాళ్ళు అందరూ కలిపి 61,450. మనూరి పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, ఇంకా బయట దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఫోన్‌పేలో పంపింది 48,000. మూడు షాపుల్లో పెట్టిన డబ్బాలు విప్పితే చిల్లరతో కలిపి 7,638. మొత్తం జమ 1,21,400 రూపాయలు. బియ్యం, పాత బట్టలు, వాడిన బ్యాగులు ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాటికి వెల కట్టలేదు, రిజిస్టర్లో పేరు, వస్తువు మాత్రం రాసేం.

చందాల్లో ఒకటి చెప్పకుండా ఉండలేం. ఒక పెద్దావిడ పెన్షన్ డబ్బులోంచి రెండు వేలు తీసి ఇస్తూ, 1942లో మావాళ్ళు రంగం (బర్మాలోని రంగూన్) నించి నడుచుకుంటూ వచ్చేసినప్పుడు దారిలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గంజి పోసేరట, మా అమ్మ చచ్చేదాకా చెప్పేది, ఇది దానికి జమ అనుకోండి అన్నారు. ఎవరో బయటోళ్ళ పిల్లల కోసం మనకెందుకు అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి కోపంగా కాదు, నిజంగానే చెప్తున్నాం – మన జిల్లా అంత వలసెళ్ళే జిల్లా ఇంకేదుంది. మన బోట్లవాళ్ళు గుజరాత్ వెరావల్ పోతారు, మన మేస్త్రీలు, కూలీలు చెన్నై పోతారు, 2014 జూన్‌లో మౌలివాక్కంలో కట్టే బిల్డింగ్ కూలిపోతే పోయినవాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఎంతమందో అందరికీ గుర్తే. అక్కడ మన గుంటల్ని ఎవరేనా సాయంత్రం పూట కూర్చోబెట్టి ఇంత తిండి పెట్టి నాలుగు అక్షరాలు చెప్తే మనం ఎంత సంతోషిస్తాం.

ఇంకో విషయం, ఒకరు పాతికవేలు ఇస్తామన్నారు, కాకపోతే పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీ వెయ్యాలి, అందులో వాళ్ళ బొమ్మ పైన ఉండాలి అన్నారు. కమిటీ కూర్చుని మాట్లాడుకుని వద్దన్నాం. ఆ తల్లిదండ్రులు అడ్వాన్సు అప్పులో ఉన్నారు, పిల్లల మొహాలు రోడ్డు మీద కడితే వాళ్ళ మర్యాద ఏటవ్వాలి.

ఇప్పుడు ఖర్చు. అన్నిటికంటే పెద్దది తిండి, 34,915 రూపాయలు. బడి జరిగిన ప్రతి సాయంత్రం ఉప్మా గానీ, ఉడకబెట్టిన శనగలు గానీ, అరటిపళ్ళు గానీ, బుధవారం శనివారం గుడ్డు. లెక్కేసుకుంటే తలకి రోజుకి పది రూపాయలు కూడా పడలేదు, దీంట్లో తగ్గించడానికి ఏమీ లేదు, వచ్చే ఏడు పెంచాలనే మా ఉద్దేశం.

తరవాత ఇద్దరు టీచర్లకి నెలకి నాలుగేసి వేలు, నాలుగు నెలలకి 32,000. ఇది జీతం అని చెప్పుకోడానికి మాకే మొహమాటంగా ఉంది. ఒకమ్మాయి పాతపట్నం వైపు నించి, ఒడియా ధారాళంగా చదివి రాస్తాది, రెండో అమ్మాయి సీతంపేట వైపు సవర అమ్మాయి, డిగ్రీ అయింది. లోకల్లో ఎవరో ఒకరు ఫ్రీగా చెప్తారు కదా, బయట నించి తెచ్చి డబ్బులివ్వడం దేనికి అని మీటింగులో ప్రశ్న వచ్చింది. పిల్లకి ఆకలేస్తుందో, జొరమొచ్చిందో, బట్టీలో ఎవరు కొట్టేరో చెప్పుకోడానికి ముందు తన భాష తెలిసిన మనిషి ఒకరు ఉండాలి, అక్షరాల సంగతి ఆ తరవాత. ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు, మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి బళ్ళు పెట్టించినవారే కదా. 1936లో ఒడిశా వేరే అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, సవర ఊళ్ళు గీతకి రెండు పక్కలా ఉండిపోయాయి. మన సీతంపేట అమ్మాయి, గజపతి నించొచ్చిన గుంట మొదటిరోజే ఒకే భాషలో మాట్లాడుకుంటుంటే చూసినవాళ్ళెవరికీ ఆ నాలుగు వేలు ఎక్కువనిపించదు.

పుస్తకాలు, పలకలు, పెన్సిళ్ళు 4,735. దీంట్లో ఒడియా వాచకాలు పర్లాకిమిడి వెళ్ళి కొన్నవి, వాళ్ళు జూన్‌లో తిరిగి సొంతూరి బడికే పోవాలి కాబట్టి వాళ్ళ చదువు ఇక్కడ తెగిపోకూడదని.

ఇప్పుడు మీలో చాలామంది అడిగినదానికొద్దాం. తప్పెటగుళ్ళు, అంటే గుండెకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే మన జానపద ఆట, నేర్పిన గురువుగారికి ఆదివారం ఆదివారం చార్జీలతో కలిపి 700 చొప్పున 14 వారాలకి 9,800, చిన్న సైజు తప్పెట్లు పన్నెండు 5,400, గజ్జెలు 2,880, రంగులు, బ్రష్షులు, చార్టులు 3,260. మొత్తం 21,340. ట్యూషన్‌కి ఇచ్చిన డబ్బుతో ఆటపాటలేంటని ఫోన్ చేసిన మాస్టారికి గౌరవంగానే చెప్పేం, ఇక్కడ కూడా చెప్తున్నాం. మొదటి రెండు వారాలు గుంటలు వచ్చేవారు, తినేవారు, గోడకి ఆనుకుని కూర్చునేవారు, పలక చేతికిస్తే కింద పెట్టేసేవారు. పొద్దున్నించి ఇటుకలు తిరగేసిన చేతులవి, మళ్ళీ ఎవరో పెద్దమనిషి కూర్చో, రాయి, చెప్పు అంటే అదీ ఇంకో పనే వాళ్ళకి. గురువుగారు వచ్చి గుండెకి తప్పెట కట్టుకుని అడుగేసి రెండు దెబ్బలు వేసేసరికి అందరూ లేచి నిలబడ్డారు, మాట అక్కర్లేకపోయింది. తమ్ముణ్ణి చంకనేసుకునే వచ్చే ఒక పన్నెండేళ్ళ గుంట ఉంది, వాణ్ణి దింపి టీచరుకి అప్పగించి వరసలో నిలబడింది, ఆమెకి తాళం తప్పదు. అడుగుల లెక్క కోసం ఒకటి రెండు మూడు నాలుగు అని గురువుగారు తెలుగులో అంటుంటే అదే వాళ్ళ తెలుగు అంకెల పాఠం అయిపోయింది, తరవాత ఎడం, కుడి, వెనక్కి, ఆగు, మళ్ళీ. నెల తిరిగేసరికి వాళ్ళ ఊరి అడుగులు వాళ్ళు చూపించడం మొదలెట్టేరు, గురువుగారు వాటికి దరువు కట్టేరు, డెబ్బై దగ్గరపడిన మనిషి గుంటల దగ్గర కూర్చుని మళ్ళీ చూపించమని అడిగి నేర్చుకున్నారు. హాజరు పుస్తకం తీసి చూడండి, తప్పెట్లు వచ్చాక ఖాళీ గళ్ళు ఎలా తగ్గేయో కనిపిస్తాది.

రంగుల సంగతీ అంతే. చార్టుల మీద మనం చెప్పిన మామిడిపండు, జెండా వేస్తున్నప్పుడు ఒక తల్లి పని అయ్యాక వచ్చి చూసి, నవ్వి, బియ్యప్పిండి అడిగింది. ఎర్రమట్టి పూసిన షెడ్డు గోడ మీద పుల్లతో మనుషులు, ఏనుగు, చెట్టు, సూర్యుడు, వరసగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు. అది సవరల ఇళ్ళల్లో పూజకి వేసే బొమ్మల పద్ధతి. బట్టీ యజమాని ఆ గోడ మొత్తం ఇచ్చేసేరు, ఆయనకి కమిటీ తరఫున నమస్కారాలు. ఆ గోడకి మాకైన ఖర్చు కేజీ బియ్యప్పిండి, అది తిండి ఖాతాలో కలిసిపోయింది.

మిగతావి బేగి చెప్పేస్తాం. దూరం బట్టీ పిల్లల ఆటోకి 9,600, చీకటి పడ్డాక హైవే పక్కన నడిపించలేం. టార్పాలిన్, చాపలు, చార్జింగ్ లైట్లు 6,150, ఇవి వచ్చే ఏడుకీ పనికొస్తాయి, భద్రంగా దాచేం. మందులు, కట్లు 1,890. ఆఖరి రోజు ప్రోగ్రాంకి మైకు, టీ కలిపి 1,720 మాత్రమే, ఎందుకంటే హాలు తీసుకోలేదు, బట్టీలోనే పెట్టేం. హాల్లో పెడితే మనమే చూస్తాం, వాళ్ళ అమ్మానాన్నలకి ఆ పూట కూలి పోతాది.

ఖర్చు మొత్తం 1,12,350 రూపాయలు. నిల్వ 9,050, అందులో 8,200 బ్యాంకులో, 850 కోశాధికారి చేతిలో.

పైసా ఖర్చు కాకుండా జరిగింది ఒకటి ఉంది. పదకొండు మందిని మధ్యాహ్నం భోజనంతో సహా దగ్గర గవర్నమెంటు బడిలో చేర్చగలిగేం. ఒక చోట టీసీ లేదన్నారు, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నించి పద్నాలుగేళ్ళ పిల్లని సంవత్సరం మధ్యలోనైనా వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాల్సిందే, టీసీ లేదని ఆపకూడదు, ఆ సెక్షన్లు ప్రింట్ తీసి చూపిస్తే చేర్చుకున్నారు. వెళ్ళిపోయేటప్పుడు ఎన్ని రోజులు ఏ క్లాసులో కూర్చున్నారో హెడ్మాస్టారు సంతకంతో కాగితం రాయించి పిల్లలకిచ్చేం, సొంతూరి బడిలో చూపించుకోడానికి. మీకు తెలిసిన బట్టీ దగ్గరైనా ఎవరేనా ఇది చెయ్యొచ్చు, కమిటీ అక్కర్లేదు.

కొందరు ఈ 9,050తో దాతలకి సన్మాన సభ పెట్టమన్నారు. వద్దనుకున్నాం, అది తప్పెట్లు, గజ్జెల తాళ్ళు బాగుచేయించడానికీ, వచ్చే సీజన్ బడి మొదటి వారం తిండికీ ఉంచుతున్నాం, చందాలు మొదలయ్యేలోపే గుంటలు దిగిపోతారు మరి. వచ్చే సీజన్‌కి టీచర్లకి ఆరేసి వేలు ఇవ్వాలని తీర్మానం రాసుకున్నాం, అంటే ఇంకో పదహారు వేలు కావాలి. పిల్లలతో పాటు వచ్చే పాలుతాగే బిడ్డల కోసం రెండు ఉయ్యాలలు, చూసుకోడానికి ఒక మనిషి కూడా కావాలి, లేకపోతే పెద్ద గుంటలు తాళం నేర్చుకోలేరు.

బిల్లులు, రశీదు పుస్తకాల అడుగు కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు, హాజరు పుస్తకం నాలుగూ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున్న ఎవరొచ్చినా చూపిస్తారు, చందా ఇవ్వనివాళ్ళు కూడా అడగొచ్చు. మీ పేరు గానీ అంకె గానీ తేడాగా ఉంటే రశీదు నంబరుతో చెప్పండి, సరిచేసి మళ్ళీ ఇక్కడే పెడతాం.