హానర్ సొసైటీలో చేరాలా? ముందు ఇవి చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో జాగ్రఫీలో ఎంఎస్ చదువుతున్నాను. ఇక్కడ కొత్తగా చేరిన మన పిల్లలకు ‘మీరు హానర్ సొసైటీకి (బాగా చదివే విద్యార్థులకు సభ్యత్వమిచ్చే సంఘానికి) ఎంపికయ్యారు, ఫీజు కట్టండి’ అని మెయిళ్లు వస్తుంటాయి. కొందరు చూడగానే కట్టేస్తారు, కొందరు మోసమని తీసేస్తారు. రెండూ తొందరపాటే.

జాగ్రఫీ వాళ్లకు గామా థీటా అప్సిలాన్ అనే సొసైటీ ఉంది. 1928లో ఇల్లినాయిస్‌లో మొదలైంది. కొన్ని జాగ్రఫీ కోర్సులు పూర్తిచేసి, మంచి మార్కులు తెచ్చుకుంటే చాలు, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) జాగ్రఫీయే కానక్కర్లేదు. జీఐఎస్ (కంప్యూటర్‌తో మ్యాపులు, స్థల సమాచారం విశ్లేషించే పద్ధతి) కోసం వచ్చిన కంప్యూటర్స్ వాళ్లు ఇది తెలియక వదిలేస్తున్నారు. ఫీజు ఒక్కసారే, సభ్యత్వం జీవితాంతం. స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. ‘ది జాగ్రఫికల్ బులెటిన్’ అనే పత్రిక నడుపుతారు. మొదటి పరిశోధనా వ్యాసం పంపడానికి విద్యార్థికి అది మంచి చోటు.

మెయిల్ నిజమో కాదో తేల్చుకోవాలంటే ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ సొసైటీ చాప్టర్ (స్థానిక శాఖ) ఉందా, దాన్ని చూసే ప్రొఫెసర్ ఎవరు అని అడగండి. 1925 నుంచి ఇలాంటి సొసైటీల ప్రమాణాలు చూసే అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ హానర్ సొసైటీస్ జాబితాలో పేరుందేమో కూడా చూడండి. అడగడానికి మొహమాటం దేనికి?

సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఆ భ్రమ వద్దు. మా చాప్టర్‌లో నాకు దక్కింది మ్యాపులు గీసే సీనియర్ల పరిచయం. గ్రాడ్యుయేషన్‌లో వేసుకునే రంగు తాడు కోసమే అయితే ఆ డబ్బు పుస్తకాలకు పెట్టుకోండి.

– ఒక జాగ్రఫీ విద్యార్థిని, అమెరికా