సీస్మిక్ సర్వే అనుమతుల్లో తిమింగలాల రక్షణ షరతులు ఉండాలి

సంపాదకులకు,

కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ కోసం సీస్మిక్ సర్వే (ధ్వని తరంగాలతో సముద్రం అడుగు పొరల్ని వెతికే సర్వే) ఓడ వచ్చిందంటే వలలు, పడవల దారి గురించి మాట్లాడుకుంటాం. నీళ్ల కింద అది చేసే చప్పుడు మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ ఓడ వెనక, ఐదారు మీటర్ల లోతున, ఇరవై ముప్పై ఎయిర్ గన్లు ఉంటాయి. చదరపు అంగుళానికి సుమారు 2000 పౌండ్ల ఒత్తిడితో నింపిన గాలిని అన్నీ ఒక్కసారే వదులుతాయి. పది సెకన్లకొకటి చొప్పున లెక్కేసినా, ఆపకుండా నడిస్తే రోజుకు 8,640 పేలుళ్లు. ఆ శక్తి చాలావరకు 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. నీలి తిమింగలాలు, బ్రైడ్స్ తిమింగలాలు పిలుచుకునేదీ ఆ శ్రుతుల్లోనే.

తిమింగలాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అయినా పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌కు 2020 జనవరిలో చేసిన సవరణతో చమురు అన్వేషణను తేలిక నియమాలుండే బి2 విభాగంలోకి మార్చారు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా పోయింది. కాబట్టి ఏ జాగ్రత్తయినా అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.

బ్రిటన్‌లో 1995 నుంచీ ఇందుకు మార్గదర్శకాలున్నాయి. పేల్చే ముందు 30 నిమిషాలు, లోతు 200 మీటర్లు దాటితే 60 నిమిషాలు, తిమింగలాల వంటివి ఉన్నాయేమోనని ఓడ మీది పరిశీలకులు సముద్రాన్ని గాలించాలి. అన్వేషణకు కేటాయించిన మన లోతైన సముద్ర బ్లాకులన్నిటికీ ఈ గంట నియమమే వర్తించాలి, ఎందుకంటే స్పెర్మ్ తిమింగలం మునిగితే గంటసేపు కూడా పైకి రాకపోవచ్చు. 500 మీటర్ల లోపు జంతువు కనిపిస్తే, చివరిసారి కనబడ్డాక 20 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత చిన్న గన్‌తో మొదలుపెట్టి కనీసం 20 నిమిషాలు తీసుకుని మెల్లగా పూర్తి శక్తికి చేర్చాలి.

నియమం కాగితం మీద బాగానే ఉంటుంది, తేడా వచ్చేది ఓడ మీద. ఆ 500 మీటర్లను కొలవాల్సింది గన్ల మధ్య నుంచి. పరిశీలకుడు నిలబడేది బ్రిడ్జి మీద, గన్లు ఓడ తోకకు ఇంకా వెనకాల. ఈ తేడా కలపకపోతే వెనక వైపు 500 మీటర్ల హద్దు కురచైపోతుంది. మధ్యాహ్నం గాలి లేచి నురుగు అలలు మొదలైతే వీపు, చిమ్మే నీరు కనబడవు. రాత్రి సరేసరి. అప్పుడు హైడ్రోఫోన్లే (నీటి కింది మైకులే) దిక్కు అంటారు. అవి స్పెర్మ్ తిమింగలం టకటకల్నీ డాల్ఫిన్ల ఈలల్నీ పట్టుకుంటాయి గానీ, నీలి తిమింగలం మంద్రస్వరం ఓడ ఇంజిన్ రొదలో కలిసిపోతుంది. అందుకే మొదటి పేలుడు పగటిపూటే జరగాలన్నది నా వాదన. ఓడ ఒక సర్వే లైను ముగించి మరో లైనుకు తిరిగే మలుపు 40 నిమిషాలు దాటితే గన్లు ఆపి, గాలింపు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పరిశీలకులకు పేల్చడం ఆపించే అధికారం ఉండాలి, జీతం మాత్రం కంపెనీ చేతుల మీదుగా రాకూడదు. ఎంత గాలించినా 500 మీటర్ల నియమం కాపాడేది దగ్గరి చెవి దెబ్బ నుంచే. వందల కిలోమీటర్ల దూరం పిలుపుల్ని ముంచేసే చప్పుడును అది ఆపలేదు. దానికి మందు సర్వేలు తగ్గించడమే: అదే బ్లాకుకు పాత డేటా, చమురు అన్వేషణ సమాచారాన్ని దాచే జాతీయ డేటా భాండాగారంలో ఉందేమో చూశాకే కొత్త అనుమతి ఇవ్వాలి. చప్పుడును అడ్డుకునేందుకు నీళ్లలో గాలి బుడగల తెర కట్టమని కొందరంటారు. అది ఒకేచోట స్తంభాలు దిగ్గొట్టే పనికి సరే, నాలుగైదు నాట్ల వేగంతో కదిలే ఓడకు కుదరదు.

తీరానికి కొట్టుకొచ్చిన ప్రతి తిమింగలానికీ సర్వేయే కారణమనడం తప్పు. వల, ఓడ దెబ్బ, జబ్బు, ఏదైనా కావచ్చు. తేల్చాలంటే లోపలి చెవి చూడాలి. అందులోని సున్నిత కణాలు చనిపోయిన కొన్ని గంటల్లోనే పాడవుతాయి, గొయ్యి తవ్వి పూడ్చే తొందరలో అవి మట్టిపాలవుతాయి. చెవి ఎముకలు తీసి ఫార్మలిన్‌లో భద్రపరచడంలో తీర మండలాల పశువైద్యులకు అటవీశాఖ శిక్షణ ఇప్పించాలి. ఆ వారం ఏ ఓడ ఎక్కడ, ఎన్ని గంటలు పేల్చిందో తెలియకపోతే ఆ చెవిని దేనితో పోల్చాలి? పరిశీలకుల లాగ్‌లను (రోజువారీ నమోదులను) సర్వే ముగిసిన నెలలోపు బయటపెట్టాలన్న షరతు అందుకే కావాలి.

— ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం