నినాదానికో సెక్షను, గూఢచర్యానికో సెక్షను

సంపాదకులకు,

పంజాబ్ సరిహద్దు జిల్లాల్లో ఎవరిని పట్టుకున్నా మన దగ్గర చాలాసార్లు ఒకే శీర్షిక పెడుతున్నారు: ‘ఖలిస్తానీ గూఢచారి అరెస్టు’. ఖలిస్తాన్ అంటే సిక్కులకు వేరే దేశం కావాలన్న వేర్పాటు డిమాండు. కింద వార్త చదివితే ఒకడు డ్రోను జారవిడిచిన హెరాయిన్ పొట్లం ఏరుకోవడానికి పొలంలోకి వెళ్లినవాడు. ఇంకొకడు కంటోన్మెంటు గేటు ఫొటోలు వాట్సాప్‌లో పంపినవాడు. మరొకడు రాత్రిపూట గోడ మీద వేర్పాటు నినాదం రాసినవాడు. ముగ్గురినీ ఒకే గాటన కట్టేయడం శీర్షిక పెట్టేవారికి సులువే గానీ, కోర్టులో ఈ ముగ్గురివీ మూడు దారులు.

ముందు నినాదం సంగతి. 1984 అక్టోబర్ 31న, ఇందిరా గాంధీని హత్య చేసిన రోజే, చండీగఢ్‌లో నీలం సినిమా దగ్గర ఇద్దరు ఉద్యోగులు ‘ఖలిస్తాన్ జిందాబాద్’ అని అరిచారు. కింది కోర్టు రాజద్రోహం కింద శిక్ష వేసింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇద్దరు మనుషులు ఒకటి రెండుసార్లు అరిచారు, జనంలో ఎవరూ అందుకోలేదు, ఏ గొడవా జరగలేదు, కాబట్టి అది రాజద్రోహం కాదంది. అంతకన్నా ఉద్రిక్తమైన రోజు మరొకటి ఉంటుందా! బల్వంత్ సింగ్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పు పక్కన ఇప్పటి చట్టం పెట్టి చూడాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షనులో వేర్పాటు భావనలను ప్రోత్సహించడం కూడా నేరమే. యావజ్జీవం దాకా వేయొచ్చు. నేరంగా లెక్కించే మాటల పరిధి పెరిగింది కనుక పోలీసులు, కోర్టులు పాత కొలబద్దను ఇంకా గట్టిగా పట్టుకోవాలి తప్ప వదిలేయకూడదు.

గూఢచర్యానికి భావజాలంతో పనే లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం 3వ సెక్షను అడిగేది ఒక్కటే: శత్రువుకు పనికొచ్చే సమాచారం సేకరించారా, చేరవేశారా? రక్షణ స్థావరాలకు సంబంధించినదైతే 14 ఏళ్ల దాకా, కాకపోతే 3 ఏళ్ల దాకా జైలు. డబ్బు కోసం చేసినా, ప్రేమ పేరుతో వేసిన వలలో పడి చేసినా నేరం అదే.

పద్ధతి కూడా చాలా మామూలుగా ఉంటుంది. ఇక్కడ ఒకరి పేరున సిమ్ కొంటారు. అవతలి దేశంలోని ఫోన్లో ఆ నంబరుతో వాట్సాప్ తెరుస్తారు. ఇక్కడికి వచ్చిన ఆరంకెల కోడ్‌ను సిమ్ కొన్నవాడు చదివి చెబుతాడు. అంతే, ఆ క్షణం నుంచి +91 నంబరుతో మాట్లాడుతున్నది మన దేశంవాడేనని ఆ మెసేజీలు అందుకున్నవాళ్లు నమ్ముతారు. ఇలా ఓటీపీలు అమ్మినందుకు 2023లో ఒడిశాలో అరెస్టులు జరిగాయి. అక్కడ ఖలిస్తాన్ ఊసే లేదు.

ఇక గూఢచర్యం కేసులు ఎక్కడ వీగిపోతాయంటే, మొదటిది ఫిర్యాదు: అధికార రహస్యాల చట్టం 13వ సెక్షను ప్రకారం ప్రభుత్వంగానీ, అది అధికారమిచ్చిన అధికారిగానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసును విచారణకు తీసుకోకూడదు. పోలీసుల ఛార్జిషీటు ఒక్కటే సరిపోదు. రెండోది ఫోను. పట్టుకున్న ఫోనును స్టేషన్లో తెరిచి మెసేజీలు చూసుకుంటూ కూర్చుంటే అందులోని డేటా మారిపోతుంది. కొత్త సాక్ష్యచట్టం (భారతీయ సాక్ష్య అధినియమం) 63వ సెక్షను కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో హ్యాష్ విలువ, అంటే ఆ డేటాకు వేలిముద్రలాంటి కోడ్, రాయాలి. అది తర్వాత తీసిన నకలుతో సరిపోలకపోతే డిఫెన్సు లాయరుకు అదే చాలు. ‘దేశద్రోహి’ అని మైకుల ముందు ఎన్నిసార్లు అన్నా ఈ లోటు పూడదు.

మన విశాఖ సంగతే చూడండి. 2019 డిసెంబర్‌లో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ ఏడుగురు నావికులను, ఒక హవాలా వ్యాపారిని పట్టుకుంది. ఫేస్‌బుక్ స్నేహాలతో మొదలైన వ్యవహారమది. కంచే చేను మేసిందన్న ఆరోపణ. నౌకాదళం స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. అప్పుడు ఎవరి మతాన్నీ, ఏ ఊరి దేశభక్తినీ ఎవరూ శంకించలేదు. శంకించకపోవడమే సరి.

పంజాబ్ సరిహద్దు రైతుకు ఆ మర్యాద దక్కడం లేదు. ఆ రాష్ట్రంలో పాకిస్తాన్‌తో 553 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. కంచె సరిహద్దు గీత మీద కాదు, దానికి ఇవతల వేశారు. అందుకే 21 వేల ఎకరాలకు పైగా సాగుభూమి కంచెకు అవతల ఉండిపోయింది. సరిహద్దు భద్రతా దళం (బీఎస్‌ఎఫ్) ఇచ్చిన కార్డు చూపించి, ట్రాక్టరు తనిఖీ చేయించుకుని, గేటు తీసిన వేళల్లోనే పొలానికి పోవాలి. చూపుకు అడ్డొచ్చేంత ఎత్తు పెరిగే పైరు వేయకూడదు. ఎకరాకు ఏటా 10,000 రూపాయల పరిహారమంటారు, అదీ బకాయిలు పడుతూ వస్తుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత రెండు రోజుల్లో గోధుమ కోతలు ముగించమని గురుద్వారా మైకుల్లో చెప్పిస్తే, రాత్రింబవళ్లు కోశారు. గురుదాస్‌పూర్ జిల్లా దద్వాఁ గ్రామంలో మన నిఘా సంస్థల కోసమే సరిహద్దు దాటామని, పాకిస్తాన్ జైళ్లలో మగ్గి వచ్చామని, తిరిగొచ్చాక ఎవరూ పట్టించుకోలేదని చెప్పేవాళ్లున్నారు.

వేర్పాటు హింస కట్టుకథ అనడం లేదు. 1985లో ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది పోయారు. 1995లో పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్‌ను చంపారు. 2022లో మొహాలీ ఇంటెలిజెన్స్ కార్యాలయం మీదా, సర్హాలీ పోలీసు స్టేషన్ మీదా రాకెట్ గ్రెనేడ్లు పడ్డాయి. పంజాబ్ సరిహద్దులో బీఎస్‌ఎఫ్‌కు దొరికిన డ్రోన్లు 2023లో 107, 2024లో 294. పసుపుపచ్చ టేపు చుట్టి, లోహపు కొక్కెం, చీకట్లో మెరిసే పట్టీ అంటించిన అర కిలో పొట్లం హెరాయిన్ కావచ్చు, పిస్తోలు కావచ్చు. పంపేవాడు ఒకడే కావచ్చు కూడా. కానీ పొట్లం ఏరుకున్నవాడికి ఉగ్రవాద ముఠాతో లింకు ఉందంటే డబ్బు ఎటు నుంచి వచ్చిందో, ఫోన్ ఎవరికి పోయిందో చూపించి ఉగ్రవాద కేసులకు వాడే ఉపా (UAPA) చట్టం కింద నిలబెట్టాలి. మాదకద్రవ్యాల కేసుకు ‘ఖలిస్తానీ’ అన్న మాట తగిలిస్తే ఆ లింకు రుజువైపోదు.

మీ విలేఖరులకు ఒక మనవి. అరెస్టు వార్తలో ఏ చట్టం, ఏ సెక్షనో తప్పక రాయించండి. మామూలుగా అభియోగాన్ని బట్టి 60 రోజుల్లోనో, 90 రోజుల్లోనో ఛార్జిషీటు రావాలి. రాకపోతే నిందితుడికి బెయిలు హక్కు. ఆ తేదీ డైరీలో రాసుకుని, ఆ రోజు ఏమైందో కూడా అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం