గిఫ్ట్ డీడ్‌లో ఈ షరతు తప్పక రాయించండి

అందరికీ నమస్కారం. పిల్లల పేరున ఇల్లో పొలమో రాసివ్వాలనుకునే పెద్దవాళ్లు మీ ఇంట్లో, వీధిలో ఉంటే ఇది చదివి వినిపించండి.

డాక్యుమెంట్ రైటర్ల దగ్గరి నమూనాలో మామూలుగా "ప్రేమాభిమానములతో ఇచ్చుచున్నాను" అని ఉంటుంది. అది చాలదు. "నా జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం చూసుకోవాలన్న షరతుపై ఇస్తున్నాను" అని రాయించండి. రేపు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద డీడ్ రద్దు కోరడానికి ఆ మాటే ఆధారం. షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సంతకానికి ముందు ఆ వాక్యం పైకి చదివించుకోండి. వేలిముద్ర వేసేవాళ్లయితే మరీ ముఖ్యం, పక్కన నమ్మకస్తులు ఒకరుండాలి.

ఇప్పటికే రాసిచ్చేసి అవస్థ పడుతున్నవాళ్లు డీడ్ రద్దు కోసమో, పిల్లల నుంచి పోషణ ఖర్చు కోసమో ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ఆధార్, వయసు రుజువు, డీడ్ నకలు, మందుల బిల్లులు జతచేసి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పోషణ ఖర్చు అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ఈలోగా తాత్కాలిక భత్యం కూడా అడగొచ్చు, దయచేసి అడగండి. ఆఫీసుదాకా వెళ్లలేనివాళ్లు ముందు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉచితం.