ఒక్క నమూనా చాలదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న నా పైథాన్ ప్రోగ్రాంలో ఒక డిక్షనరీలో, అంటే కీ-విలువ జతల పట్టికలో, ఒక కీ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే, పట్టుకునేసరికి తెల్లారింది. ఆ డిక్షనరీకి టైప్డ్‌డిక్ట్ (ఏ కీలుండాలో, వాటి విలువలు ఏ రకమో చెప్పే నిర్వచనం) రాసి ఉంటే ప్రోగ్రాం నడపకముందే మైపై (mypy) అనే తనిఖీ టూల్ ఆ లైను చూపించేది. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచే టైప్డ్‌డిక్ట్ సదుపాయం ఉంది!

అరవై కీలున్న జేసన్ (JSON) డేటాకి ఈ నిర్వచనం చేత్తో రాయడం కష్టమే. నమూనా ఇస్తే నిర్వచనం తయారుచేసే టూల్స్ ఉన్నాయి, తప్పకుండా వాడండి. కానీ ఒక్క రికార్డుతో సరిపెట్టకండి. నేనిచ్చిన రికార్డులో ఫోన్ నంబరు ఖాళీ. దాంతో టూల్ ఆ కీ విలువ ఎప్పుడూ 'నన్' (None, అంటే విలువ లేదు) అనే రాసేసింది. ఇరవై రికార్డులు ఇచ్చాక 'స్ట్రింగ్ (అక్షరాల వరుస) లేదా నన్' అని సరిగ్గా వచ్చింది. కొన్నిట్లో అసలు ఆ కీయే లేదు. అలాంటిదానికి 'నాట్‌రిక్వైర్డ్' (ఆ కీ లేకపోయినా పర్వాలేదు) అని పెట్టాలి.

ప్రోగ్రాం నడిచేటప్పుడు మాత్రం టైప్డ్‌డిక్ట్ మామూలు డిక్షనరీయే, ఏ తనిఖీ చేయదు. అందుకే బయటి నుంచి వచ్చే డేటాకు చెక్ మనమే రాసుకోవాలి.

– ఒక ప్రోగ్రామర్