ఆర్డర్ ధర ఒకటి, బిల్లు ధర ఇంకొకటి: జవాబు లేకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఇంటికి తెప్పించుకునే సరుకుల ఆర్డర్‌కూ డెలివరీకీ మధ్య ధరలు మార్చడం, దాని మీద ఇచ్చిన ఫిర్యాదును పట్టించుకోకుండా మూసేయడం.

నమస్కారం.

నా ఫిర్యాదు "పరిష్కారమైంది" అని మీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు, ఎవరు పరిష్కరించారో లేదు. నేను అడిగింది ఒకే ప్రశ్న. మీ దగ్గర ఒక వస్తువు ధర ఏ క్షణంలో ఖాయమవుతుంది? కార్ట్‌లో వేసినప్పుడా, ఆర్డర్ కన్‌ఫర్మ్ అయినప్పుడా, మీ మనిషి దాన్ని అరలోంచి తీసి స్కాన్ చేసినప్పుడా, బిల్లు కొట్టినప్పుడా? ఒక్క వాక్యంలో చెప్పగలిగిన జవాబు ఇది. ఆ ఒక్క వాక్యం చెప్పకుండా మీ సిబ్బంది నన్ను తిప్పిన తీరు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ఎక్కువ వసూలు చేసిన డబ్బు కన్నా ఆ నిర్లక్ష్యమే నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

జరిగింది చెబుతాను. రాత్రి ఆర్డర్ పెట్టాను, మర్నాటి సాయంత్రం స్లాట్. కన్‌ఫర్మేషన్ మెయిల్లో ప్రతి వస్తువు పక్కనా ధర ఉంది, అడుగున మొత్తం ఉంది. సరుకుతో వచ్చిన బిల్లులో డిటర్జెంట్ ధరా వంటనూనె ధరా పెరిగాయి. అదే బ్రాండు, అదే ప్యాకెట్టు, అదే బరువు. ఒకటి లేదని ఇంకొకటి పంపింది కూడా కాదు. షాంపూ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఆపిల్స్ మీద నాకు పేచీ లేదు. తూకం సరుకు కిలో అడిగితే కచ్చితంగా కిలో తూగదు, కొన్ని గ్రాములు అటో ఇటో అవుతుంది, ఆ మేరకు డబ్బు మారడం న్యాయమే. బరువు వల్ల మారిన డబ్బునూ రేటు పెంచడం వల్ల మారిన డబ్బునూ ఒకే గాటన కట్టి నాకు జవాబులు చెప్పారు కాబట్టి ఈ తేడా ముందే రాస్తున్నాను.

ముందు చాట్‌బాట్. ఆర్డర్ నంబర్ తీసుకుని, సమస్య ఏమిటో ఎంచుకోమంది: వస్తువు పాడైంది, వస్తువు రాలేదు, గడువు దాటింది, ఇతరములు. "ధర మారింది" అన్నది ఆ జాబితాలోనే లేదు. ఇతరములు నొక్కితే మీ రిటర్న్ పాలసీ పేజీ చూపించి, "మీ సమస్య తీరిందా?" అని అడిగింది. తీరలేదు అని నొక్కితే మళ్లీ మొదటి జాబితాకే తీసుకొచ్చింది. మనిషితో మాట్లాడాలంటే "వస్తువు పాడైంది" అని అబద్ధం నొక్కాల్సిన ఏర్పాటు మీరు చేసి పెట్టారు.

తర్వాత దొరికిన ఏజెంట్ "ధరలు మార్కెట్‌ను బట్టి మారుతూ ఉంటాయండీ" అన్నాడు. ధరలు మారతాయని నాకూ తెలుసు. నేనడిగింది ఏ క్షణం వరకు మారతాయని. అతను అదే వాక్యాన్ని ఇంకోసారి పంపి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చాట్ ముగించాడు.

ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ చెప్పింది మరీ తప్పు. "ధర బార్‌కోడ్‌లోనే ఉంటుంది, స్కాన్ చేస్తే ఏది వస్తే అదే, మా చేతుల్లో ఏమీ లేదు" అంది. మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఇది నేను చెప్పాల్సి రావడం బాధాకరం. డిటర్జెంట్ ప్యాకెట్ మీదుండే 13 అంకెల బార్‌కోడ్‌లో ధర ఉండదు. నంబర్ ఏ దేశపు సంస్థ ద్వారా జారీ అయిందో తెలిపే అంకెలు, తయారీ సంస్థ నంబర్, వస్తువు నంబర్, చివర్న తప్పు పట్టుకునే ఒక అంకె, అంతే. స్కాన్ చేయగానే ఆ నంబర్ మీ సిస్టంలోని ధరల ఫైలుకు వెళ్లి, అక్కడ రాసున్న ధర తెస్తుంది. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో, ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద తొలి ప్యాకెట్ స్కాన్ అయిన రోజున కూడా ధర వచ్చింది కొట్టు కంప్యూటర్లోంచే. ఇలాంటి సరుకుల్లో ధర బార్‌కోడ్‌లోనే ఉండగలిగేది కొట్టులో తూచి అంటించే స్టిక్కర్ల మీద. అవి మామూలుగా 2 అంకెతో మొదలవుతాయి, వాటిలో బరువో ధరో ఇమిడి ఉంటుంది. నా డిటర్జెంటూ నూనే అలాంటివి కావు. అంటే ఏ తేదీ ధర తీసుకోవాలో నిర్ణయించింది బార్‌కోడ్ కాదు, మీరు. ఇదంతా చెబితే ఆవిడ "పేమెంట్స్ విభాగానికి కలుపుతాను" అని లైను మార్చేసింది.

పేమెంట్స్ వాళ్లు "మీరు ఆమోదించిన మొత్తంలోపే కట్ అయింది కదా" అన్నారు. ఈ మాట వెనక ఏముందో మీకు బాగా తెలుసు. ఆర్డర్ పెట్టగానే మీరు డబ్బు తీసుకోరు, కార్డు మీద కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతారు. తూకం సరుకు ఎక్కువ తూగొచ్చని, బదులు వస్తువు ఖరీదైనది కావచ్చని, ఆ పట్టి ఉంచే మొత్తాన్ని బిల్లు కన్నా కాస్త ఎక్కువ పెడతారు. సరుకు ప్యాక్ అయ్యాక అసలు బిల్లు తీసుకుని మిగతాది వదిలేస్తారు, అది ఖాతాలో మళ్లీ కనిపించడానికి బ్యాంకును బట్టి కొన్ని రోజులు పడుతుంది. ఆ అదనపు జాగా ఇచ్చింది ఆపిల్స్ తూకం కోసం. నూనె ధర పెంచుకోవడానికి నేను ఆమోదం ఇచ్చానని దాన్ని చూపించడం మోసం. ఈ మాటే అడిగితే "బ్యాంకును సంప్రదించండి" అన్నారు. బ్యాంకుకు నూనె ధరతో ఏం సంబంధం? అక్కడా జవాబు లేదు.

ఇంకొకాయన "మీరు ఆర్డర్‌ని ఎడిట్ చేసి ఉంటారు" అన్నాడు. చెయ్యలేదు. కన్‌ఫర్మేషన్ మెయిల్ ఒక్కటే వచ్చింది, ఎడిట్ చేస్తే రెండోది వచ్చేది. అయినా ఆయన మాటతో ఒక కొత్త సంగతి బయటపడింది: ఒక సబ్బు కలిపినా, ఒక ప్యాకెట్టు తీసేసినా, మీ సిస్టం కార్ట్ మొత్తానికీ ఆ నిమిషపు ధరలు వేస్తుందట. ముందు పెట్టిన వస్తువుల ధర కూడా పోతుందట. ఎడిట్ బటన్ పక్కన ఆ ముక్క ఎక్కడా లేదు. నిన్న ఆఫర్లో దొరికింది ఈ రోజు ఆఫర్ అయిపోయాక ఒక సబ్బు కోసం పూర్తి ధరకు కొన్నట్టవుతుందని ఎంతమందికి తెలుసు?

ఇక షాంపూ. రెండు తీసుకుంటే తగ్గింపు అన్నారు, రెండు పెట్టాను. ఒకటే ఉందని ఒకటే పంపి, దానికి పూర్తి ధర వేశారు. ఇలా ఎందుకవుతుందంటే మీ ఆఫర్ లెక్క ఆర్డర్ చేసిన సంఖ్యను చూడదు, బుట్టలో పడిన సంఖ్యను చూస్తుంది. మీ దగ్గర సరుకు నిండుకుంటే నా తగ్గింపు పోతుంది. ఉచిత డెలివరీకి కావాల్సిన కనీస మొత్తం విషయంలోనూ ఇదే జరగొచ్చు: రెండు వస్తువులు లేవని తీసేశాక మొత్తం గీత కిందికి దిగితే డెలివరీ చార్జీ పడుతుంది. మీ స్టాక్ లెక్క తప్పితే ఆ భారం కొనేవాళ్ల మీద పడేలా మీరే ఏర్పాటు చేసుకున్నారు. ఇది మార్చడం కష్టం కాదు. లెక్కను ఆర్డర్ సంఖ్య మీద పెట్టాలి, అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైనది టూత్‌పేస్ట్. దాని ధర ఆ రోజు తగ్గింది. డెలివరీ సమయానికి మీ యాప్‌లో తగ్గిన ధర కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్ జత చేశాను. బిల్లులో మాత్రం ముందు రాత్రి ధరే వేశారు. ఒకే బిల్లులో నూనెకు ఈ రోజు ధర, టూత్‌పేస్ట్‌కు నిన్నటి ధర! ధర స్కాన్ చేసినప్పటిదైతే టూత్‌పేస్ట్‌కు తగ్గింపు రావాలి. ఆర్డర్ నాటిదైతే నూనె పెరగకూడదు. మీ వాళ్లు చెప్పిన ఏ కారణానికీ ఈ రెండు వరుసలూ కలిసి లొంగవు. ఆర్డర్ నాటి ధర గుర్తుపెట్టుకోవడం మీ సిస్టంకు చేతనవునని మీ బిల్లే సాక్ష్యం చెబుతోంది. నేను మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఈ రెండు వరుసలు చూపించాను. ఒక్కరంటే ఒక్కరు వాటి గురించి మాట్లాడలేదు.

పైవాళ్లకు పంపమంటే "ఎస్కలేట్ చేశాం, 48 గంటల్లో ఫోన్ వస్తుంది" అన్నారు. ఫోన్ రాలేదు. ఫిర్యాదు మూసేసినట్టు మెయిల్ వచ్చింది, వెంటనే "మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని ఇంకొకటి వచ్చింది. మళ్లీ తెరవమంటే కొత్త నంబర్ ఇచ్చారు. పాత చాట్ కొత్త ఏజెంట్‌కు కనబడదట, మొదటినుంచీ మళ్లీ చెప్పమన్నారు. మనుషులు విసిగి ఊరుకోవాలన్నదే ఈ పద్ధతి ఉద్దేశమని నేను నమ్ముతున్నాను. ఊరుకోను. ఈలోగా నన్ను అడక్కుండా యాప్ వాలెట్లో కొంత మొత్తం వేశారు. అది నూనె తేడాకూ సరిపోదు, మొత్తం తేడాకూ సరిపోదు. ఏ లెక్కన వేశారో రాయలేదు, పైగా దానికి గడువు పెట్టారు. కార్డు నుంచి తీసిన డబ్బు కార్డుకే వెనక్కి రావాలి.

కొట్లో అర మీద చీటీ చూసి వస్తువు తీసుకుని, కౌంటర్ దగ్గరికి వెళ్లేలోగా ఆ చీటీ మార్చేసి ఎక్కువ అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నిలదీస్తారు, లేదా అక్కడే వదిలేసి వెళ్తారు. మీ పద్ధతిలో ఆ వదిలేసే అవకాశమే లేదు. సరుకు గుమ్మం ముందుకు వచ్చేదాకా కొత్త ధర తెలియదు, తెలిసేసరికి డబ్బు పోయి ఉంటుంది. చాలా సూపర్‌మార్కెట్లలో కొత్త ధరలు రాత్రికి రాత్రి సిస్టంలోకి ఎక్కుతాయి, ఆఫర్లు అర్ధరాత్రి ముగుస్తాయి. మర్నాటి స్లాట్‌కు రాత్రి పెట్టే ప్రతి ఆర్డరూ ఆ గీత దాటాల్సిందే. ముందుగా స్లాట్ బుక్ చేసుకోమని మీరే ప్రోత్సహిస్తారు, ముందుగా చేసుకున్నవాళ్లే నష్టపోతారు.

మీ సేవ మొదలైన తొలి రోజుల నుంచీ నేను మీ కస్టమర్ని. ఏటా సభ్యత్వ రుసుము కడుతున్నాను. స్లాట్లు దొరకని రోజుల్లోనూ, సగం సరుకు రాని రోజుల్లోనూ మీ దగ్గరే ఉన్నాను, ఇంకొందరిని మీ దగ్గర చేర్పించాను. అంతటి నమ్మకానికి మీరిచ్చిన విలువ ఒక సంతకం లేని మెయిల్. ఇది నాకు నిజంగా కష్టం కలిగించింది.

ఈసారి జవాబు మెషీన్ నుంచి కాకుండా, పేరూ హోదా ఉన్న మనిషి నుంచి రావాలి. అందులో ధర ఖాయమయ్యే క్షణం ఏదో రాయాలి, నూనె వరుసా టూత్‌పేస్ట్ వరుసా ఒకే బిల్లులో ఎలా వచ్చాయో రాయాలి. డిటర్జెంట్, నూనె, షాంపూల తేడా కార్డుకు జమ చేయాలి. ఇక ముందు కన్‌ఫర్మ్ చేసిన ధర కన్నా ఎక్కువ అడగాల్సి వస్తే, సరుకు తియ్యకముందే మెసేజ్ పంపి, ఆ వస్తువు ఉంచాలా తీసేయాలా అని అడగాలి. స్టాక్ లేని వస్తువుకు బదులు పంపేటప్పుడు మెసేజ్ పంపి అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఆ ఏర్పాటు మీకు కొత్తది కాదు.

ఈ నెలాఖరులోగా అలాంటి జవాబు రాకపోతే, కన్‌ఫర్మేషన్ మెయిల్లో ఉన్న మొత్తానికీ మీరు తీసుకున్న మొత్తానికీ ఉన్న తేడా మీద బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డు నుంచి పోయిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అభ్యర్థన) పెడతాను. సభ్యత్వం రద్దు చేసుకుని, మిగిలిన కాలానికి రుసుము వెనక్కి అడుగుతాను. ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఇస్తాను. అందులో ధర పెంచడం ఒక వాక్యం ఉంటుంది, మిగతాదంతా మీరు నన్ను తిప్పిన వైనమే ఉంటుంది.

జత చేసినవి: కన్‌ఫర్మేషన్ మెయిల్, బిల్లు (మారిన వరుసలు గుర్తు పెట్టి), టూత్‌పేస్ట్ ధర స్క్రీన్‌షాట్, చాట్ కాపీలు, ఫిర్యాదు మూసేసినట్టు పంపిన మెయిల్, వాలెట్ జమ వివరం. డబ్బు కట్ అయినట్టు వచ్చిన బ్యాంకు మెసేజ్ కూడా పెట్టాను, అందులో సమయం చూడండి: డెలివరీకి ముందే ఉంది.

ఇట్లు,
మీ సభ్యత్వం ఉన్న ఒక వినియోగదారు