మెయిల్‌లో బొమ్మలు ఆపినా ఎందుకు వస్తున్నాయంటే

సంపాదకుల వారికి నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో ఈమధ్య ఒక సలహా వేశారు. మెయిల్ సెట్టింగ్స్‌లో బొమ్మలు రాకుండా టిక్కు పెట్టేస్తే చాలు, మనం మెయిల్ తెరిచామో లేదో పంపినవాళ్లకి తెలియదని. సలహా మంచిదే, కానీ సగమే వేశారు. నాది తణుకులో చిన్న టాక్స్ ఆఫీసు. రైసు మిల్లులు, కోళ్ల ఫారాలు, కొన్ని బట్టల కొట్లు మా క్లయింట్లు. పొద్దున్న తాళం తీసిన దగ్గర్నుంచి మాకు మెయిల్‌తోనే పని. మీరు చెప్పిన టిక్కు మా కంప్యూటర్లలో ఎప్పటినుంచో ఉంది. అయినా బొమ్మలు దర్జాగా వచ్చేస్తున్నాయి. ఎలా వస్తున్నాయో కూర్చుని తేల్చాను కాబట్టి ఆ మిగతా సగం రాస్తున్నాను. మేం వాడే ప్రోగ్రాం పేరు మాత్రం రాయడం లేదు. రాసినా మీరు కొట్టేస్తారని తెలుసు.

అనుమానం ఎక్కడ మొదలైందంటే, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థ నుంచి ఆఫర్ మెయిల్ వచ్చింది. జులై 31 టీడీఎస్ గడువు దగ్గర పడి ఆఫీసులో ఎవరికీ ఊపిరి సలపడం లేదు. తెరిచాను, పైపైన చూశాను, మూసేశాను. టీ తాగడం పూర్తికాకుండానే ఫోన్. "మేడమ్, ఇందాక మా ఆఫర్ చూశారు కదండీ, డెమో ఎప్పుడు పెట్టమంటారు?" చూశానని నీకెవరు చెప్పారు బాబూ అంటే, "మాకు సిస్టమ్‌లో కనపడుద్దండీ" అన్నాడు, ఏమీ దాచుకోకుండా. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఇచ్చిన పని అది.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెయిల్‌లో మనకి కనిపించే బొమ్మ చాలాసార్లు మెయిల్‌లో ఉండదు. ఫలానా చోట ఉంది, తెచ్చుకో అని ఒక అడ్రసు మాత్రమే ఉంటుంది. మనం మెయిల్ తెరవగానే ప్రోగ్రాం ఆ అడ్రసుకి వెళ్లి బొమ్మ తెచ్చి చూపిస్తుంది. అలా వెళ్లినప్పుడే అవతలి సర్వర్‌లో నమోదైపోతుంది, ఎన్ని గంటలకి తెరిచారు, ఏ ఐపీ అడ్రసు (నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి, ఏ రకం ప్రోగ్రాంతో అని. ఆ బొమ్మ కంటికి ఆనాలని కూడా లేదు. ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉండే రంగులేని చుక్క చాలు.

దీన్ని కళ్లారా చూడొచ్చు. మెయిల్ వెనకున్న కోడ్ చూపించే మెనూ చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది, వ్యూ సోర్స్ అనో షో ఒరిజినల్ అనో. (కొన్ని మెయిళ్లలో అంతా అర్థంకాని అక్షరాల ముద్దలా ఉంటుంది. అప్పుడు ఈ దారి పనికిరాదు.) ఆ ఆఫర్ మెయిల్ నాకూ మా పార్ట్‌నర్‌కీ విడివిడిగా వచ్చింది. రెండింటి కోడ్ పక్కపక్కన పెట్టి చూశాను. ధర ఒకటే, మాటలు ఒకటే, పెద్ద బొమ్మల అడ్రసులూ ఒకటే. అట్టడుగున మాత్రం వెడల్పు 1, ఎత్తు 1 అని రాసి ఉన్న బొమ్మ ఒకటి, దాని అడ్రసు చివర అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి తోక. ఆ తోక నా మెయిల్‌లో ఒకటి, ఆవిడ మెయిల్‌లో ఇంకొకటి. అంటే ఆ తోక పేరున బొమ్మ ఎవరడిగితే వాళ్లు మెయిల్ తెరిచినట్టు. మా ఆఫీసులో ఎవరు చూశారో వాళ్లకి తెలిసింది అలాగే.

ఇక టిక్కు పెట్టినా ఇదంతా ఎలా జరుగుతోందన్నది అసలు ప్రశ్న. ముందుగా చేయాల్సింది సెట్టింగ్స్‌తో కుస్తీ కాదు. కొత్త మెయిళ్లు పూర్తిగా దిగాక, ఇంకా తెరవని ఒకదాన్ని పట్టుకుని, నెట్ వైరు పీకేసి అప్పుడు తెరవాలి. వైఫై అయితే ఆపేయాలి. తెరవని మెయిలే ఎందుకంటే, ఒకసారి తెరిస్తే బొమ్మ కాపీ కంప్యూటర్‌లో మిగిలిపోయి మనల్ని తికమక పెడుతుంది. నెట్ లేకపోయినా బొమ్మ కనపడిందంటే అది మెయిల్‌తోపాటే లోపల వచ్చింది. దాన్ని తేవడానికి ప్రోగ్రాం ఎక్కడికీ వెళ్లలేదు, ఎవరికీ కబురు పోలేదు. మన టిక్కు ఆపేది బయటినుంచి తెచ్చే బొమ్మల్నే కాబట్టి దీని జోలికి రాదు. కోడ్‌లో కూడా తేడా తెలుస్తుంది. బొమ్మ అడ్రసు సిఐడి అని మొదలైతే లోపలిది, హెచ్‌టిటిపిఎస్ అని మొదలైతే బయటిది. సిఐడి అనగానే మా ఆఫీసు కుర్రాడు ఉలిక్కిపడ్డాడు గానీ, పోలీసులతో దీనికేం సంబంధం లేదు.

"సెట్టింగ్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. అయితే లోపలి బొమ్మ కబురు పంపదు కదా అని దాన్ని నమ్మడానికి లేదు. మా మిల్లు క్లయింటు ఒకాయన, పెద్దాయన, ప్రింటు తీయించిన కాగితం పట్టుకుని వచ్చారు. "అమ్మాయ్, ఇన్‌కంటాక్స్ వాళ్లు మూడు సింహాలూ వేసి మరీ పంపారు, డబ్బు కట్టేయమంటావా?" అని. ఆ సింహాలు మెయిల్‌లోనే అతికించి పంపిన బొమ్మ. ఏ టిక్కూ దాన్ని ఆపదు. బాబాయ్ గారూ, సింహాల్ని కాదు, నంబరు చూడండి అని చెప్పాను. 2019 అక్టోబర్ నుంచి ఆదాయపు పన్ను శాఖ తన నోటీసుల మీద డిన్ నంబరు, అంటే ఒక్కో నోటీసుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, వేస్తోంది. శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్లో ఆ నంబరు కొడితే నోటీసు నిజమైనదో కాదో చెప్పేస్తుంది. ఆయన కాగితం మీద అలాంటిదేమీ లేదు. పంపిన అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ కూడా లేదు.

సరే, నెట్ తీసేస్తే బొమ్మ మాయమై, పెడితే వచ్చిందనుకోండి. అప్పుడు నిజంగానే టిక్కుని దాటుకుని ప్రోగ్రాం బయటికి వెళ్తోంది. మాకు జరిగింది ఇదే, దీనికి కారణం మినహాయింపుల జాబితా. ఫలానావాళ్లు నమ్మకస్తులు, వాళ్ల బొమ్మలు రానీ అని ప్రోగ్రాం ఒక చిట్టా రాసుకుంటుంది. కొట్టు ముందు "అప్పు ఇవ్వబడదు" అని బోర్డు, లోపల గల్లాపెట్టె కింద ఖాతా పుస్తకం ఉన్నట్టన్నమాట. మా దాంట్లో కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లందర్నీ నమ్మమనే టిక్కు ముందునుంచే పెట్టి ఉంది. మనం ఎవరికైనా జవాబిస్తే ఆ అడ్రసు దానంతటదే కాంటాక్ట్స్‌లోకి పోతుంది. ఎప్పుడో ఒక సందేహానికి జవాబు రాశాం, ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ మా నమ్మకస్తుల్లో చేరిపోయింది. ఇది మేం అడిగింది కాదు. బొమ్మలు ఆపే పేజీలో ఈ చిట్టా ఊసే లేదు. అది ఎక్కడో జంక్ మెయిల్ సెట్టింగ్స్‌లో ఉంది. జంక్ మెయిల్‌కీ బొమ్మలకీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది?

మీ పాఠకుల్లో కంప్యూటర్‌లో పాత అవుట్‌లుక్ (క్లాసిక్ అంటారు) వాడేవాళ్లు ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్ దాకా వెళ్లి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ పేజీ తెరిస్తే, బొమ్మలు ఆపే టిక్కు కిందే మినహాయింపుల టిక్కులు వరసగా కనిపిస్తాయి. సేఫ్ సెండర్స్ చిట్టా మాత్రం జంక్ ఆప్షన్స్‌లో వెతకాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, బయటి బొమ్మల టిక్కు పక్కనే ఎక్సెప్షన్స్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి చిట్టా చదవండి. అసలు బొమ్మల గొడవే వద్దనుకుంటే థండర్‌బర్డ్‌లో మెయిల్‌ని ఉత్త అక్షరాలుగా, ప్లెయిన్ టెక్స్ట్‌గా చూపించే ఏర్పాటు ఉంది. అందం ఉండదు, ప్రశాంతత ఉంటుంది.

ఇంకో దారి ఫార్వర్డ్. ఎవరో ఒకరు "మేడమ్, ఇది చూడండి" అని ఆఫర్ మెయిల్ ఫార్వర్డ్ చేస్తారు. ఫార్వర్డ్ కొట్టగానే కొన్ని ప్రోగ్రాములు అప్పటిదాకా ఆపిన బొమ్మల్ని తెచ్చేసుకుంటాయి, కొత్త మెయిల్‌లో పెట్టాలి కాబట్టి. అలా తెచ్చేముందు హెచ్చరించే టిక్కు వేరేగా ఉంటుంది. అది తీసేసి ఉంటే చడీచప్పుడూ ఉండదు.

ఇంతకంటే పెద్ద కన్నం ఫోన్. కంప్యూటర్‌లో పెట్టిన టిక్కు ఫోన్‌కి తెలియదు. ఒకే మెయిల్ అకౌంటు కదా అనుకుంటాం గానీ, సెట్టింగు ఉండేది ప్రోగ్రాంలో. ఫోన్‌లో రెండు మెయిల్ యాప్‌లుంటే రెండింట్లో విడిగా, కొన్ని యాప్‌లలో ఒక్కో అకౌంటుకీ విడిగా పెట్టుకోవాలి. మా పార్ట్‌నర్ మెయిల్ ఆఫీసులో తెరవనే లేదు. ఫోన్‌లో తెరిచారు, బస్సులో.

అన్ని సర్వీసులదీ ఒకే పద్ధతి కాదనీ చెప్పాలి. జీమెయిల్ 2013 డిసెంబర్ నుంచి బొమ్మల్ని గూగుల్ సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది. కాబట్టి మన ఐపీ అడ్రసు పంపినవాళ్లకి చేరదు. మెయిల్ తెరిచామన్న కబురు మాత్రం చేరొచ్చు, తోక నంబరు మారదు కదా. అదీ వద్దంటే, బొమ్మ చూపించేముందు అడగమనే ఆప్షన్ పెట్టుకోవాలి. ఆపిల్ వాళ్లు 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో ఇంకో ఎత్తు వేశారు. వాళ్ల మెయిల్ యాప్‌లో ఆ రక్షణ పెట్టుకుంటే, మనం తెరిచినా తెరవకపోయినా వాళ్ల సర్వర్లే ముందుగా బొమ్మలు తెచ్చి పెట్టుకుంటాయి. ఎవరు తెరిచారో అమ్మేవాడికి తేలదు. నాకు నచ్చింది ఈ పద్ధతి. తలుపు మూసే పని మన నెత్తిన పెట్టకుండా అవతలివాడి లెక్కే పనికిరాకుండా చేస్తుంది. ఏ పద్ధతిలోనైనా, మెయిల్‌లోని లింకు నొక్కితే మాత్రం మనం వచ్చామని వాళ్లకి తెలిసిపోతుంది.

అందుకే మీ పేజీకి నా విన్నపం, ఈసారి "టిక్కు పెట్టండి" అన్నచోట "చిట్టా కూడా చూడండి, ఫోన్‌లో కూడా పెట్టండి" అని కలపండి. ప్రోగ్రాం తయారుచేసేవాళ్లు ఇంకో చిన్న పని చేయొచ్చు. బొమ్మలు ఆపే టిక్కు పక్కనే "ఇంతమందికి మినహాయింపు ఉంది" అని అంకె చూపించాలి. అది కనపడితే ఎవరైనా నొక్కి చూస్తారు. ఇక పంపే సంస్థల సంగతి. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి అడిగేటప్పుడు ఏ డేటా, దేనికోసం అని ముందే చెప్పాలంటుంది ఆ చట్టం. మరి మెయిల్ మొదట్లో "ఇది తెరిస్తే మాకు తెలుస్తుంది" అని ఒక్క లైను రాయడానికి బరువేముంది?

చివరగా ఒక మాట అడగాలి. మీ పత్రిక పొద్దున్నే పంపే ముఖ్యాంశాల మెయిల్ నేనూ తెప్పించుకుంటున్నాను. దాని కోడ్ కూడా చూశాను. అట్టడుగున చుక్క ఉంది, తోక నంబరుతో సహా. ఆ లెక్క దేనికి వాడుతున్నారో, ఎన్నాళ్లు ఉంచుకుంటున్నారో, వద్దనుకున్నవాళ్లు ఎవరికి చెప్పాలో ఈ ఉత్తరం కిందే మీ జవాబు వేయగలరు.

ఇట్లు,
ఒక టాక్స్ కన్సల్టెంట్,
తణుకు